స్వామికి చెప్పి ఇంట్లో చెప్పని దగ్గు

అక్టోబరు, జపమాల నెల. బిట్రగుంట రైల్వే కాలనీలో మా క్వార్టరు వసారాలో సాయంత్రం జపం జరుగుతోంది. దేవమాత ప్రార్థన నేను ముందు చెబుతుంటే మిగిలినవాళ్లు అందుకుంటున్నారు. మధ్యలో దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. దగ్గు ఆగాక చూస్తే తెల్ల కొంగు మీద రేగుపండంత ఎర్రటి మరక.

పక్కనే కూర్చున్న మా అత్త అన్నమ్మ నాకంటే ముందు చూసింది. కంగారు పడలేదు. జపం అయిపోయాక నన్ను దొడ్లోకి తీసుకుపోయి తానే కొంగు ఉతికింది.

"ఏం కాదులే. ఉప్పునీళ్లు పుక్కిలించు. అట్టా పడతది, పోతది. అబ్బయ్యకు చెప్పబాక, డ్యూటీలో మనసు పాడవతది," అంది.

అబ్బయ్య అంటే నా భర్త ఇన్నయ్య. ఇంజను మీద ఫైర్‌మన్‌గా చేసేవాడు. నేను చెప్పలేదు. పెద్దావిడ అంత నిబ్బరంగా అంటుంటే నిజంగానే ఏమీ కాదనుకున్నాను. అట్లా పడుతుందని, పోతుందని ఆమెకెట్లా తెలుసని ఆ రోజు నేను అడగలేదు. ఆ ప్రశ్న నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది.

క్రిస్మస్ నాటికి రోజూ సాయంత్రం జ్వరం, తెల్లవారుజామున ఒళ్లంతా చెమట. జాకెట్లు వదులైపోయాయి. చంటివాడు జోజిని ఎత్తుకుని గుడి మెట్లెక్కితే ఆయాసం. నా కూతురు లూర్దు అప్పటికి మాటలు నేర్చి అడిగిందే అడుగుతుండేది. "అమ్మ ఎందుకు పడుకుంది?" అని వాళ్ల నాయనమ్మను అడిగేది. "నువ్వు నా కాడ పడుకో, అమ్మను పడుకోనియ్యి," అని అత్త దాన్ని తన మంచం మీదికి తీసుకుపోయేది. అట్లా పాప ఆమె పక్కలోనే పడుకోవడం అలవాటైంది. నాకు సాయం చేస్తోందని సంతోషించాను.

చివరికి డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన వీపు మీద వేళ్లతో తట్టి, గొట్టం పెట్టి విని, నెల్లూరులో ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. కఫం పరీక్ష కూడా చేయించాడు. రిపోర్టు వచ్చిన రోజు భర్త, అత్త, నేను ముగ్గురం ఆయన ముందు నిలబడ్డాము.

"రైట్ లంగ్ పైభాగంలో క్యావిటీ ఉందమ్మా. స్ప్యూటమ్ పాజిటివ్. టీబీ," అన్నాడు. "భయపడే రోజులు పోయినాయి, మందులున్నాయి. మధ్యలో మానేస్తే మాత్రం ఆ మందులు కూడా పనిచెయ్యవు." తరవాత మా అత్త వైపు తిరిగాడు. "ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?"

"ఎవురికీ లేదయ్యా," అంది అత్త. అంతలోనే ఆమెకు దగ్గు వచ్చింది.

"మరి ఇదేంది పెద్దమ్మా?"

"ఇది చుట్ట దగ్గయ్యా. నాకు పెళ్లైనప్పటి నుంచి ఉండేదే. మా ఆయన పోయినాడు గానీ ఇది నన్ను వదల్లా."

డాక్టరు నవ్వాడు. నా భర్త నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఆమె అడ్డ చుట్ట తాగుతుందని కాలనీ అంతా ఎరుగుదురు. ఆమె దగ్గుతో మాకు తెల్లవారేది. డాక్టరు ఆమెను కూడా ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. "కాటికి కాళ్లు చాపినదానికి ఫోటోలెందుకయ్యా," అని ఆమె మాట దాటేసింది.

తరవాతి ఆదివారం పూజ అయ్యాక వసారాలో బంధువులు కూర్చున్నారు. మా నాన్న కూడా వచ్చాడు. ఆయన కావలి అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉపదేశి. గుడి ఫాదరు, మా మాటలో స్వామి, రాని రోజుల్లో జపం చేయించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం ఆయన పని. అందరూ వింటుండగా మా ఆడబిడ్డ ఎత్తుకుంది.

"మా ఇంటా వంటా లేని రోగం ఇది. ఉప్పుమళ్ల గాలి పీల్చి పెరిగిన పిల్లను తెచ్చుకుంటిమి."

మా అత్త అక్కడే ఉంది. "పోనీలేమే. తెచ్చుకున్నాక ఏం చేస్తాం," అంది. కాదని అనలేదు. ఇంకా ఒక మెట్టు పైకెక్కించింది. "ఉపదేశిగారూ, పెళ్లికి ముందే ఒక మాట చెప్పుంటే బాగుండేది," అంది మా నాన్నతో.

మా నాన్న వల్లెవాటు సరిచేసుకుని, "మా పిల్ల ఆరోగ్యంగానే వచ్చింది వదినమ్మా," అన్నాడు. ఆ మాట ఎవరూ విననట్టు కూర్చున్నారు. ఆయనకు కాఫీ ఇవ్వలేదు. నా భర్త తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఆ బూట్లలో అంత చూడదగ్గది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి నా కంచం, గ్లాసు దొడ్లో వేరే గూట్లో పెట్టారు. రోగం అంటుకుంటుందని పెట్టారు, అది సరే. కాని ఆ కంచం చూపించి నా కూతురికి, "అది ముట్టుకోబాక, పాపిష్టిది," అని చెప్పడం ఏ డాక్టరు రాసిన మందు?

నన్ను శానిటోరియానికి పంపించారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పి.ఎ.ఎస్. పొడి. ఆ పొడి తాగితే కడుపులో దేవేది. వార్డులో ఒకావిడ దాన్ని మంచం కింద ఒలకబోసేది. నేను ఒక్క పూట కూడా మానలేదు. భక్తి వల్ల కాదు, పంతం వల్ల. బతికి తిరిగి పోయి ఆ వసారాలోనే ఆ మాట వాళ్ల చేతే వెనక్కి తీసుకునేట్టు చేసి నా పిల్లల్ని నేను ఎత్తుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

కొన్ని నెలలకు కుడి చెవిలో ఈలలాగా మోత మొదలైంది. నడిస్తే నేల ఊగేది. "సూది వల్లనమ్మా. తగ్గించి ఇద్దాం. కాని పోయిన వినికిడి రాదు," అన్నాడు అక్కడి డాక్టరు. రాలేదు. ఇప్పటికీ కుడి వైపు నుంచి పిలిస్తే నాకు వినపడదు. పొగరుతో పలకలేదంటారు.

కఫం నెగటివ్ అయిందని చెప్పిన వారంలోనే కబురొచ్చింది. లూర్దుకు జ్వరం, తలనొప్పి, వాంతులు. దిష్టి తగిలిందని రెండు రోజులు, వడదెబ్బని రెండు రోజులు గడిపారు. మెడ బిగుసుకుపోయాక ఆస్పత్రికి తీసుకుపోతే వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, టీబీ మెదడుకెక్కింది, మెనింజైటిస్ అన్నారట. శానిటోరియం డాక్టర్లు నాలుగు రోజులు సెలవిచ్చి నన్ను పంపించారు. నేను రైలు దిగేసరికి ఖననం అయిపోయింది.

నా కోసం ఒక్క పూట ఆగలేదు. ఎండాకాలం, ఆగేదానికి లేదన్నారు. కావచ్చు. సమాధి మీది మట్టి ఇంకా తడిగానే ఉంది. నేను అక్కడ కూర్చునుంటే నా ఆడబిడ్డ ఎవరితోనో అంటోంది, నా మంచి చెవికి వినపడేట్టే అంది: "తల్లి దగ్గే బిడ్డను తినింది."

కాదని అనడానికి నాకు ఏం తెలుసు? శానిటోరియం మంచం మీద పడుకుని నేను ప్రతి రోజూ లెక్కవేసుకున్నది అదే. ఎప్పుడు ముద్దు పెట్టుకున్నాను, ఎప్పుడు నా కంచంలో ముద్ద పెట్టాను, ఎప్పుడు దాని మొహం మీద దగ్గాను. పరలోకం, నరకం గురించి చిన్నప్పుడు చదువుకున్నాము. నరకం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

మళ్లీ శానిటోరియానికి పోయి డిశ్చార్జి అయి వచ్చాక నన్ను గడప తొక్కనివ్వలేదు. "వాడొక్కడైనా మిగలాలి గదా," అని అత్త జోజిని నాకు ఇవ్వలేదు. నా భర్త నన్ను మా నాన్న ఇంట్లో దించి, "కొన్నాళ్లు ఉండు," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పిరికివాడు. ఆదివారం పూజకు నేను బిట్రగుంట పోయేదాన్ని. గుడిలో ఆడవాళ్ల వైపు మా అత్త ఒళ్లో నా కొడుకు. నేను నాలుగు వరసల వెనక.

తపస్సు కాలం వచ్చింది. మా వైపు క్రైస్తవ ఇళ్లల్లో ఒక అలవాటుంది. పాస్క పండగకు, అంటే ఈస్టరుకు, స్వామి దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి పోయే ముందు ఇంట్లో చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కి, "నా తప్పులు మన్నించండి," అని అడిగి పోవాలి. పెద్దవాళ్లు చిన్నవాళ్లను అడగడం ఎక్కడా లేదు. నేను పోయి మా అత్త కాళ్లకు మొక్కాలని కబురు చేశారు. మొక్కనన్నాను. మొక్కకుండా పాపసంకీర్తనం చేయడం ఇష్టం లేక అదీ మానేశాను. ఆ ఏడూ మానేశాను, మరుసటేడూ మానేశాను. ఉపదేశి కూతురు పాస్కకు సత్ప్రసాదం తీసుకోలేదని మా నాన్న తల దించుకు తిరిగాడు.

ఆ మరుసటేడే బిట్రగుంటా మా పల్లే కలిసి ఉన్న విచారణకు, అంటే పారిష్‌కు, కొత్త స్వామి వచ్చాడు. తెలుగువాడే, వయసులో చిన్నవాడు. మా నాన్న ఆయన్ను బతిమాలుకున్నట్టున్నాడు, ఆ స్వామి మా పల్లెకు వచ్చి పాపసంకీర్తనానికి నన్ను పిలిపించాడు. నేను స్వామికీ నాకూ మధ్య ఉన్న జాలీకి ఎడమ చెవి ఆనించి మోకరించి, ఇప్పుడు మీకు చెప్పినవన్నీ చెప్పాను. కాఫీ ఇవ్వని సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు విన్నాడు.

"అమ్మా, మీ అత్త పాపాలు, మీ ఆడబిడ్డ పాపాలు, మీ ఆయన పాపాలు బాగా చెప్పినావు. వాళ్లు మరిచిపోయినవి కూడా నీకు గుర్తున్నాయి. నీవేమన్నా ఉన్నాయా?"

"క్షమించలేకుండా ఉండాను స్వామీ."

"క్షమించు మరి."

"వాళ్లు అడగలేదు గదా. అడగనోళ్లను ఎట్టా క్షమించేది? అడగమనండి."

జాలీ అవతల నిట్టూర్పు వినపడింది. "నీకు పాపవిమోచనం ఇప్పుడు ఇవ్వలేను తల్లీ. ఇంకా ఆలోచించు," అన్నాడు. అది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆ ఏడు పాస్క ముందు రోజు, పెద్ద శనివారం, నేను మా నాన్నతో బిట్రగుంట గుడికి పోయాను. పాపసంకీర్తనం పెట్టె ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. మా అత్త లోపలికి పోయింది. ఎప్పుడూ మంగళవార్త జపమంత సేపట్లో బయటికి వచ్చే మనిషి, ఆ రోజు వెనక ఉన్నవాళ్లు విసుక్కునేంత సేపు ఉండిపోయింది. బయటికి వచ్చి పీఠం ముందు మోకరించలేదు. ముసుగు సరిచేసుకోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఇంటికి రా. మీ నాయన్ను కూడా రమ్మను," అంది.

అదే వసారా. నా భర్త, ఆడబిడ్డ, జోజి, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు. అత్త కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడింది.

"అబ్బయ్యా, నాది చుట్ట దగ్గు కాదు," అంది. "నాకు మొదటిసారి నెత్తురు పడింది నీ పెళ్లికి ముందు. మీ నాయన పోయిందీ దీంతోనే. గుండె జబ్బని చెప్పినాం ఊళ్లో. తెలిస్తే నీకు పిల్లనెవురిస్తారని చెప్పలా. తరవాత తెలిస్తే నన్ను యాడికో పంపిస్తారని చెప్పలా."

ఆమె ఒకసారి దగ్గి కొంగుతో నోరు తుడుచుకుంది.

"ప్రతి పాస్కకూ చెప్పుకుంటానే ఉండా. అబద్ధమాడినాను స్వామీ అంటాను. మూడు మంగళవార్తలు చెప్పుకోమనేవాళ్లు. చెప్పుకునేదాన్ని. దేవుడు మన్నించినాడు, అయిపోయిందనుకునేదాన్ని. ఏం అబద్ధమని ఎవురూ అడగలా. ఈ స్వామి అడిగినాడు. ఎవరికి చెప్పినావో వాళ్ల కాడికి పోయి నిజం చెప్పి రా, అప్పుడు విమోచనం ఇస్తానన్నాడు."

తరవాత ఆమె నా వైపు వచ్చింది. ఆమె వంగుతుంటే ఎందుకు వంగుతోందో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆమె నా కాళ్లు పట్టుకుంది. "నీ ఇంటి నుంచి రాలేదు తల్లీ. ఉపదేశిగారూ, మీ పిల్ల ఆరోగ్యంగానే వచ్చింది," అంది.

మూడేళ్లుగా ఆ మాట కోసమే బతికాను. అది విన్నప్పుడు గుండె తేలికవుతుందనుకున్నాను. తేలిక కాలేదు. నాకు కనిపించిందల్లా ఆ మంచం మీద ఆమె పక్కలో ముడుచుకుని పడుకున్న లూర్దు.

"ఆ మాట లూర్దుకు చెప్పండి," అన్నాను.

మా నాన్న, "తెరేజమ్మా," అని మందలించాడు. నేను వినలేదు. జోజిని ఎత్తుకున్నాను. మూడేళ్ల తరవాత ఎత్తుకోవడం. వాడు కొత్తదాన్ని చూసినట్టు చూసి వాళ్ల నాయనమ్మ కోసం చేతులు చాపాడు. వాడి మెడ పక్కన చిన్న గడ్డలు చేతికి తగిలాయి. ఒళ్లు వెచ్చగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఇది?"

"ఎండకు వచ్చిన జ్వరమనుకున్నాం," అన్నాడు నా భర్త.

పండగయ్యాక ఇంటిల్లిపాదినీ నెల్లూరు తీసుకుపోయాను. ఈసారి బూట్ల వంక చూసుకునేవాళ్లెవరూ లేరు. జోజికి ప్రైమరీ కాంప్లెక్స్, పిల్లలకు మొదట సోకే టీబీ, అన్నారు. "సరైన సమయానికి తెచ్చారు. ఇంకొన్ని నెలలైతే చెప్పలేం," అన్నాడు డాక్టరు. అత్త ఎక్స్‌రే దీపం ముందు పెట్టి వేలితో చూపించాడు. రెండు లంగ్స్ నిండా మచ్చలు, పాతవి, కొత్తవి.

నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "మా పాపకు ఎవరి నుంచి వచ్చింది డాక్టరుగారూ?"

"పెద్దావిడది పాత రోగం, నీది తరవాతిది. అంతవరకు ఫిల్ములో కనపడతా ఉంది. పాపకు ఎవరి నుంచి వచ్చిందో ఏ ఎక్స్‌రే చెప్పదమ్మా," అన్నాడు.

ఆ జవాబుతోనే నేను ఇప్పటికీ బతుకుతున్నాను. ఆడబిడ్డ మాట తప్పని తేలలేదు, నిజమనీ తేలలేదు.

అత్తకు మందులు నేనే ఇచ్చాను. ఇంట్లో ఆ పని తెలిసింది నాకొక్కదానికే. పి.ఎ.ఎస్. పొడి పారబోస్తుందేమోనని మింగేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. "సెంట్రీ మాదిరి కూర్చున్నావేందిమే," అనేది. "నాకు కావలి కూర్చున్నోళ్లెవరూ లేరు, మీకుండారు, మింగండి," అనేదాన్ని. ఆమె గ్లాసు, కంచం వేరే పెట్టాను. అది పాపిష్టిదని మాత్రం ఎవరినీ అననివ్వలేదు. ఏడాదిన్నర బతికింది. స్వామి వచ్చి చావు ముందు పూసే తైలం, అవస్థ అభ్యంగనం, ఇచ్చినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, "మన్నించినావా?" అని అడిగింది. నేను, "పడుకోండి," అన్నాను. ఆ మాటకు ఏం అర్థం చెప్పుకుని పోయిందో నాకు తెలియదు.

స్వామి తరవాత నాకూ పాపవిమోచనం ఇచ్చాడు. "చేతలతో మన్నించావు, మనసు వెనక వస్తుంది," అన్నాడు. ఇంకా రాలేదు. పరలోక జపంలో 'మేము మన్నించినట్లు' అనే చోట నేను ఇప్పటికీ ఆగిపోతాను. ఆడబిడ్డ ఇంతవరకూ నన్ను క్షమాపణ అడగలేదు.

ఇప్పుడు నేను, నా భర్త, జోజి అదే క్వార్టరులో ఉంటున్నాము. ఏటా ఎక్స్‌రే తీయించుకుంటాను. మచ్చ ఉంది, మానిన మచ్చ అంటారు. జోజి బడికి పోతున్నాడు. వాడి దగ్గు విన్నప్పుడల్లా లేచి వాడి మెడ తడిమి చూస్తాను. పెద్ద శనివారం మా ఇంట్లో పాత అలవాటు కొంచెం మారింది. నా భర్త కొడుకుని దగ్గరికి పిలిచి, "ఈ ఏడు నీకు నేనేమన్నా అన్యాయం చేసినానా?" అని అడుగుతాడు. వాడు జాబితా చదువుతాడు. నా పోలికే.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పాపసంకీర్తనంలో అబద్ధమాడినానని చెప్పుకుంటే సరిపోతుందని మాకు నేర్పారు. మా నాన్న కూడా ఎంతోమంది పిల్లలకు అట్లాగే నేర్పాడు. ఏం అబద్ధమో, ఎవరికి చెప్పామో, దానివల్ల ఎవరికి ఏమవుతుందో చెప్పుకోకపోతే స్వామి ఏం చేస్తాడు, డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని డాక్టరు అడిగినప్పుడు అందరి తరఫునా ఒకరు జవాబు చెప్పవద్దు. ఎవరిది వాళ్లు చెప్పండి. పెద్దవాళ్లయితే ముందు చెప్పండి. పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టుకోక ముందే చెప్పండి.